శ్రీనగర్ నుంచి ఫ్లైట్లో సెలవుకి వస్తున్న అన్నయ్య, కిట్ బ్యాగులో ఏవి పెట్టుకోవచ్చు?

రాజోలు చెల్లెలు:
అందరికీ నమస్తే అండి. మా అన్నయ్య ఆర్మీ, ఇప్పుడు కశ్మీర్లో డ్యూటీ. రెండేళ్ల తర్వాత సంక్రాంతికి సెలవు దొరికింది, శ్రీనగర్ నుంచి ఢిల్లీ, అక్కణ్ణుంచి రాజమండ్రికి టికెట్ తీశాం. ఇదివరకు ఎప్పుడూ ట్రంకు పెట్టేసుకుని రైల్లోనే వచ్చేవాడు, ఫ్లైట్ ఇదే మొదటిసారి. బూట్లు, యూనిఫాం, పవర్ బ్యాంకు, వాళ్ల సార్ ఇచ్చిన కుక్రీ (గూర్ఖాల వంపు కత్తి) మెమెంటో, మా బాబుకి కశ్మీర్ బ్యాటు తెస్తున్నాడంట. ఫౌజీ అని ఐడీ కార్డు చూపిస్తే చెకింగ్ లేకుండా వదిలేస్తారా? ఎక్కడన్నా ఆపేస్తే పండగ అక్కడే అయిపోద్దని అమ్మకి ఒకటే బెంగండి.

మాజీ హవల్దార్, మాధవరం:
అమ్మా, వదలరు. ఎయిర్‌పోర్టులో సెక్యూరిటీ చూసే సీఐఎస్ఎఫ్ వాళ్ల దగ్గర జవానైనా మామూలు ప్యాసింజరే, ఐడీ కార్డు మర్యాద తెస్తది గానీ మినహాయింపు తేదు. అన్నయ్యకి ముందు ఒక్క మాట చెప్పు, బ్యాగు సర్దేముందు మొత్తం బోర్లించి దులపమను, సైడు జేబులు, లోపలి అరలు, ప్యాంటు జేబులతో సహా. ఎందుకంటే నాకు జరిగింది. ఫైరింగ్ రేంజికి తీసుకెళ్లిన బ్యాగుతోనే సెలవుకి బయల్దేరాను, ఎక్స్‌రేలో ఒక ఖాళీ తూటా కేసు కనబడింది, పేలిపోయిన ఖాళీదే, అది అక్కడుందని నాకే తెలీదు. పక్కన కూర్చోబెట్టి యూనిట్‌కి ఫోన్ చేసి కనుక్కుని వదిలేసరికి ఫ్లైట్ వెళ్లిపోయింది, మా నాన్న గేటు దగ్గరే రాత్రంతా కూర్చున్నాడంట. పేలని తూటా దొరికితే అంతటితో అవదు, ఆర్మ్స్ యాక్ట్ కేసు దాకా వెళ్తది. 2017లో శ్రీనగర్ ఎయిర్‌పోర్టులోనే ఒక జవాను బ్యాగులో రెండు గ్రెనేడ్లు దొరికి పట్టుకున్నారు, అక్కడ మరీ జాగ్రత్త. టెర్మినల్‌కి చాలా ముందే డ్రాప్ గేటు దగ్గర దింపి, మనుషుల్నీ సామాన్నీ ఒకసారి చెక్ చేస్తారు, లోపల మళ్లీ చేస్తారు. మూడు గంటల ముందు చేరమను. లీవ్ సర్టిఫికెట్ చేతిలో ఉంచుకోమను, అడిగితే వెంటనే చూపించొచ్చు.

మధురపూడి కౌంటర్ అబ్బాయి:
బాబాయ్ గారు చెప్పింది అక్షరాలా నిజమండి. నేను రాజమండ్రి ఎయిర్‌పోర్టు కౌంటర్లో చేస్తున్నా కాబట్టి మిగతాది చెప్తా. పవర్ బ్యాంకు, విడి బ్యాటరీలు చేతి బ్యాగులోనే ఉండాలి, కౌంటర్లో ఇచ్చేసే చెకిన్ బ్యాగులో దొరికితే బ్యాగు ఆగిపోద్ది, అక్కణ్ణుంచి మనిషిని వెనక్కి పిలిచి విప్పిస్తారు. 20,000 ఎంఏహెచ్‌ది సుమారు 74 వాట్ అవర్లు, 100 లోపు కాబట్టి పర్లేదు. బ్యాటూ, కుక్రీ చెకిన్‌లోనే. కుక్రీ మాత్రం ఒకసారి ఆలోచించుకోండి, తొమ్మిది అంగుళాలు దాటిన బ్లేడు ఆర్మ్స్ యాక్ట్ కిందకి వచ్చే అవకాశం ఉంది, మెమెంటో అని రాసున్న లెటరు యూనిట్ నుంచి తీసుకుంటే మంచిది, లేదా ఇంకెప్పుడైనా తెచ్చుకోమనండి. లైటరూ, అగ్గిపెట్టే రెండిట్లోనూ కుదరవు, చలికి అక్కడ అందరి జేబులో ఉంటాయి కదా, ముందే ఎవరికైనా ఇచ్చేయమనండి. కొండల్లో వాడే చిన్న స్టవ్ ఉంటే అసలు తీసుకురావద్దు, నూనె వాసన ఉన్నా తీసేస్తారు. ఇంక బరువు, మామూలు టికెట్‌కి చెకిన్ 15, చేతిలో 7 కిలోలు. కొన్ని ఎయిర్‌లైన్స్‌లో డిఫెన్స్ వాళ్లకి అదనంగా ఇస్తారు, టికెట్ అలా తీశారా చూసుకోండి, మామూలుగా తీసేసి కౌంటర్లో అడిగితే కష్టం. బూట్లు కాళ్లకే వేసుకొస్తే రెండు కిలోలు మిగుల్తాయి, బీప్ వస్తే విప్పి ట్రేలో పెట్టమంటారు అంతే.

రాజోలు చెల్లెలు:
ఆయ్, చాలా థాంక్సండి ఇద్దరికీ. అన్నయ్యకి చదివి వినిపించా, ఫోన్లో ఉండగానే బ్యాగు బోర్లించాడు. అరలో ఒక అగ్గిపెట్టె దొరికిందంట! కుక్రీ అక్కడే ఒకళ్ల దగ్గర పెట్టేశాడు. తిరుగు ప్రయాణంలో ఎండుకొబ్బరి పంపొచ్చా అండి, మా చెట్టుదే, వాళ్ల మెస్‌లో వాళ్లకి ఇస్తానంటున్నాడు.

మధురపూడి కౌంటర్ అబ్బాయి:
ఎండుకొబ్బరి వద్దండి, దానికదే వేడెక్కి మండే సరుకు కింద పెట్టారు. పూతరేకులు పంపండి, ఆత్రేయపురంవి అయితే డబ్బా గట్టిది చూసుకుని చేతి బ్యాగులో పెట్టమనండి, కిందేస్తే పొడైపోతాయి. ఆవకాయ మాత్రం చెకిన్‌లోనే, సీసా మూతకి టేపు వేసి రెండు కవర్లు చుట్టండి.