లాంథనం మాంగనైట్‌లో ఆర్బిటాళ్లను సర్దేది లాటిసా, సూపర్‌ఎక్స్ఛేంజా?

లాటిస్‌వాది: సెమినార్లలో ఇంకా "ఆర్బిటల్ ఆర్డర్‌కి (ఎలక్ట్రాన్ మేఘాలు, అంటే ఆర్బిటాళ్లు, ఒక క్రమంలో సర్దుకోవడానికి) మూలం సూపర్‌ఎక్స్ఛేంజ్" అనే చెబుతున్నారు. సూపర్‌ఎక్స్ఛేంజ్ అంటే పక్కపక్క మాంగనీస్‌ల స్పిన్‌లను (ఎలక్ట్రాన్ల చిన్న అయస్కాంతాలను) ముడిపెట్టే ప్రభావం. నేననేది, మూలం లాటిస్, అంటే పరమాణువుల చట్రం వంకరపోవడం. ఈ పదార్థాన్ని చల్లబరుస్తూ వస్తే ఆర్బిటాళ్లు దాదాపు 750 కెల్విన్ దగ్గరే సర్దుకుంటాయి. స్పిన్‌లు సర్దుకునేది 140 దగ్గర. వెనకొచ్చేది ముందుదానికి కారణం ఎలా అవుతుంది?

స్పిన్‌మిత్ర: 140 దగ్గర సర్దుకునేవి స్పిన్‌లు. సూపర్‌ఎక్స్ఛేంజ్ అంతకుముందు లేదని ఎవరన్నారు? ఎలక్ట్రాన్ ఆక్సిజన్ మీదుగా పక్క మాంగనీస్‌కి వెళ్లిరావడం 1000 కెల్విన్‌లోనూ ఉంటుంది. దానివల్ల ఎంత శక్తి తగ్గుతుందన్నది ఆర్బిటాళ్లు ఎటు తిరిగి ఉన్నాయన్నదాన్ని బట్టి ఉంటుంది, స్పిన్‌లు చెల్లాచెదురుగా ఉన్నా సరే. సిద్ధాంతవేత్తలు కూగెల్, ఖోమ్‌స్కీ 1973లోనే చెప్పారు.

లాటిస్‌వాది: 750. 140. జవాబు రాలేదు.

చివరిబెంచీ: 140 కిందకి వచ్చాక స్ఫటికంలో ఒక పొరలో స్పిన్‌లన్నీ ఒకే వైపు, పక్క పొరలో ఎదురు వైపు. ఇది ఆర్బిటాళ్ల అమరిక నుంచే వస్తుందని గుడ్‌ఇనఫ్ 1955లో వివరించాడు కదా?

లాటిస్‌వాది: అది ఆర్బిటాళ్లు సర్దుకున్నాక సంగతి.

స్పిన్‌మిత్ర: సరిగ్గా ఈ 750-140 లెక్కతోనే ఒక రిఫరీ (జర్నల్ సమీక్షకుడు) నా పేపర్ తిప్పికొట్టాడు. మొత్తం రిపోర్టు రెండు లైన్లు. చదివే ఓపిక లేనివాళ్లకి ఈ రెండు అంకెలు బాగా పనికొస్తాయి.

లాటిస్‌వాది: ఆ రిఫరీ మీద కోపం నా మీద తీర్చుకోకండి.

స్పిన్‌మిత్ర: అంకెలే కావాలా? లాటిస్‌ని కదలనివ్వకుండా సూపర్‌ఎక్స్ఛేంజ్ ఒక్కదాంతో లెక్క కడితే ఆర్బిటాళ్లు దాదాపు 650 దగ్గర సర్దుకుంటాయి. చాలా?

లాటిస్‌వాది: అదే లెక్క పొటాషియం కాపర్ ఫ్లోరైడ్‌కి 350 ఇచ్చింది. అసలు స్ఫటికంలో వంకర అంతకంటే చాలా పైన కూడా ఉంది. మాంగనైట్‌లోనూ 750 దాటాక సగటున మాయమైనట్టు కనిపిస్తుందే గానీ, ఒక్కో మాంగనీస్ చుట్టూ జాన్-టెల్లర్ వంకర (ఆక్సిజన్‌ల పంజరం ఒకవైపు సాగడం) అలాగే ఉంటుంది. ఇంతకీ, కదలని లాటిస్ ఎక్కడైనా చూశారా?

స్పిన్‌మిత్ర: అయితే మీ పేచీ 140తో కాదన్నమాట! ఒకదాన్ని ఆపి చూడకుండా ఏది కారణమో ఎలా తేలుస్తారు?

లాటిస్‌వాది: కంప్యూటర్‌లో ఆపినది నాకు సాక్ష్యం కాదు. మొదటి నుంచీ అదే అంటున్నాను.

చివరిబెంచీ: మొదటి నుంచీ అనలేదండీ.

స్పిన్‌మిత్ర: సరే, ల్యాబ్‌లో చూసిందే చెప్తా. యిట్రియం వెనడేట్‌లో 77 కెల్విన్ దగ్గర స్పిన్‌ల అమరిక, ఆర్బిటాళ్ల అమరిక రెండూ ఒకేసారి మారతాయి. అక్కడ ఏది ముందు?

లాటిస్‌వాది: అక్కడ లాటిస్ కూడా మారుతుంది. వేరే థ్రెడ్ పెట్టండి, వస్తా.