బతుకమ్మ రోజు మామోగ్రామ్ టేబుల్: ఎవరెవరు ఏం చేస్తున్నారు?

డాలస్ వలంటీర్లందరికీ నమస్తే. మామోగ్రామ్ (రొమ్ము క్యాన్సర్‌ని ముందే పట్టుకోవడానికి తీసే ఎక్స్-రే) రిజిస్ట్రేషన్ టేబుల్ నాకు అప్పజెప్పారు కాబట్టి ముందే చెప్తున్నా, పోయినసారిలాగా సౌండ్ బాక్సుల పక్కన, మిర్చి బజ్జీల లైనుకు ఎదురుగా మాత్రం వద్దు. పింక్ సంచులన్నీ అయిపోయాయి, పేరు రాయించుకున్నది నలుగురు. మగవాళ్లు ప్లేట్లు పట్టుకుని నిలబడి చూస్తుంటే ఎవరు ఆగి అడుగుతారు?

ఈసారి పూలు పేర్చే గదిలో పెడదాం. అక్కడ అందరూ ఆడవాళ్లే. తంగేడు ఇక్కడ ఎలాగూ దొరకదు, బంతి చామంతులు తుంచుకుంటూ గంటలకొద్దీ కబుర్లు చెప్పుకుంటారు, ఆ కబుర్లలోనే మన మాటా కలిసిపోవాలి. స్టేజి మీద స్పీచ్ వద్దు. డాక్టరు గారూ, ఏమనుకోకండి, మీరొచ్చి ఆ గదిలో కింద కూర్చుంటే చాలు.

మనకు ముఖ్యంగా కావాల్సింది గ్రోసరీ బిల్లింగ్‌లో, కర్రీ పాయింట్ వంటింట్లో, ఇళ్లలో పిల్లల్ని చూసుకుంటూ పనిచేసేవాళ్లు. (సాఫ్ట్‌వేర్ వాళ్లకి మామూలుగా ఇన్సూరెన్స్‌లో చేతి డబ్బు (కోపే) కట్టకుండానే అవుతుంది, అయినా వెళ్లరు, అది వేరే గొడవ.) ఆదాయం తక్కువ, ఇన్సూరెన్స్ లేదు అంటే టెక్సస్‌లో బ్రెస్ట్ అండ్ సర్వైకల్ క్యాన్సర్ సర్వీసెస్ అనే ప్రభుత్వ కార్యక్రమం ఉంది. దగ్గర్లో క్లినిక్ తెలియకపోతే 211 హెల్ప్‌లైన్‌కి మనమే పక్కన కూర్చుని ఫోన్ చేయిద్దాం, నంబరు కాగితం చేతిలో పెట్టి పంపిస్తే ఎవరూ చేయరు.

— ఫుడ్ కమిటీ: గది సరే వదినా. విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మలు అడిగితే? మా అమ్మకి ట్రావెల్ ఇన్సూరెన్సే ఉంది.

— అది మామూలుగా స్క్రీనింగ్‌కి పనికిరాదు అన్నా. ఏ ఇబ్బందీ లేకపోతే ఇండియా వెళ్లాక చేయించుకోమందాం. గడ్డ తగిలితే మాత్రం నొప్పి లేదు కదా అని ఆగొద్దు, వెంటనే డాక్టరుకి చూపించాలి. ఇక్కడ ఫ్రీ అని ఎవరూ నోరు జారకండి.

— డెకరేషన్ టీమ్: అక్కా, ఫ్లయర్ చూశారా? "మీ రొమ్ము ఆరోగ్యాన్ని ఆలింగనం చేసుకోండి" అని ఉంది 😀

— అయ్యో, ఎవరు తల్లీ గూగుల్ ట్రాన్స్‌లేట్‌లో పెట్టింది! తీసేసి ఇలా రాయి: "గడ్డ లేకపోయినా, నొప్పి లేకపోయినా, 40 నుంచి 74 ఏళ్ల దాకా రెండేళ్లకోసారి మామోగ్రామ్". ఇదివరకు 50 అనేవాళ్లు, అమెరికా ప్రివెంటివ్ సర్వీసెస్ టాస్క్ ఫోర్స్ అనే నిపుణుల బృందం 2024లో 40కి తగ్గించింది, ఆ పాత మాట పట్టుకున్నవాళ్లు చాలామంది ఉన్నారు. ఆ రోజు డియోడరెంట్, పౌడరు వేసుకోవద్దని కూడా రాయి, ఫిల్ములో తెల్ల మచ్చల్లా పడి కంగారు పెడతాయి. మళ్లీ రమ్మని ఫోన్ వస్తే భయపడొద్దని మనం నోటితో చెప్దాం: 100 మందిలో సుమారు 10 మందిని పిలుస్తారు, చాలామందికి ఏమీ ఉండదు. ఆ రెండో పరీక్షకి మాత్రం కొందరికి బిల్లు రావచ్చు, అదీ దాచొద్దు.

పోయినసారి ఆ నలుగురిలో ఒకావిడ అపాయింట్‌మెంట్ పోగొట్టుకుంది. కారు నడపడం రాదు, భర్తకి షిఫ్టు, ఇంగ్లీషులో మాట్లాడిపెట్టడానికి కొడుకుని తోడు రమ్మనాలంటే సిగ్గు. కాబట్టి తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలని అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే అడుగుదాం. ఇక డ్రైవింగ్‌కి పనిరోజుల్లో పొద్దున్న ఖాళీగా ఉండే ఆడవాళ్లు ముగ్గురు కావాలి, నేను మంగళవారాలు. మిగతా ఇద్దరెవరు?