చర్చ: తమ్ముడు రెండేళ్లకి ఆఫ్రికాలోని మలావీ వెళ్తున్నాడు, మిషనరీగా. అక్కడ రోజు ఎలా గడుస్తుంది?

పాలకొల్లు అక్క:
అందరికీ వందనాలండి. మా తమ్ముడికి ఇరవై రెండేళ్లు. డిగ్రీ అయ్యాక సంఘం తరఫున రెండేళ్లకి మలావీ పంపుతున్నారు, జోంబా పక్కన ఏదో పల్లె. ఇప్పటిదాకా వాడు హాస్టల్లో కూడా ఉండలేదు. పొద్దున్న లేచిన దగ్గర్నుంచి ఏం చేస్తారు, ఏం తింటారు, బట్టలు ఎవరు ఉతుకుతారు, భాష ఎలా, ఇంటికి ఫోన్ ఎప్పుడు, పెట్టెలో ఏం సర్దాలి, చెప్పులా బూట్లా? వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి. సాక్ష్యాలు, ప్రసంగాలు ఆదివారం వింటున్నాం, ఇక్కడ రోజువారీ సంగతులు కావాలి. అమ్మ టెన్షన్‌తో సరిగ్గా తినడం లేదు.

రాజోలు అమ్మ:
మా పెద్దాడు కెన్యాలో ఉన్నాడు తల్లీ. అక్కడ రోజు ఎలా గడుస్తుందో వాడిని అడగాలి. ఇక్కడ ఎలా గడుస్తుందో నేను చెబుతాను. మా వీధిలో ఇంటికొకరు కువైట్‌లోనో మస్కట్‌లోనో ఉన్నారు. అందుకని కుర్రాడు విమానం ఎక్కాడంటే డబ్బు పంపుతాడనే లెక్క. ఎంత పంపుతున్నాడు, మేడ ఎప్పుడు లేపుతున్నారు అని కనిపించిన ప్రతివాళ్లూ అడుగుతారు. పంపుతున్నది మేమండీ! కొబ్బరి దింపు డబ్బులు చేతికి రాగానే కొంత వాడికి తీసి పెడతాం. సంఘంవాళ్లు ఇచ్చేది అద్దెకీ తిండికీ సరిపోతే గొప్ప. ఒక పెళ్లిళ్ల పేరయ్య ఫారిన్ కుర్రాడంటూ అమ్మాయివాళ్లని వెంటబెట్టుకొచ్చాడు. జీతం లేదని చెప్పాను. కాఫీ సగంలో ఉండగానే బస్సు టైమైందని లేచారు. మీ వీధిలో ముందే చెప్పుకోండి, ఇది గల్ఫ్ కాదని.

తణుకు టు జోంబా:
అక్కా, మలావీ అన్నారు కాబట్టి రాస్తున్నాను, నేను అక్కడే చేసి వచ్చాను. బట్టలు ఎవరికి వాళ్లే ఉతుక్కోవాలి. ఎవరైనా పనిమనిషి ఉన్నా లోపలి బట్టలు మాత్రం ఇవ్వకూడదు, మర్యాద కాదు. అసలు సంగతి ఉతకడంలో లేదు, ఇస్త్రీలో ఉంది. అక్కడ పుట్సీ అనే ఈగ ఉంటుంది. తడి బట్టల మీద గుడ్లు పెడుతుంది. ఆ చొక్కా అలాగే వేసుకుంటే పురుగు చర్మంలోకి దూరి సెగ్గడ్డలాంటిది లేస్తుంది. అందుకని బనీను, తువ్వాలు, దుప్పటితో సహా అన్నీ రెండు వైపులా వేడిగా ఇస్త్రీ చేయాలి. కరెంటు ఉండదు కాబట్టి బొగ్గుల ఇస్త్రీపెట్టె నేర్చుకుని వెళ్లమనండి.

పొద్దున్నే లేచి బోరింగ్ నీళ్లు మోయడం, ప్రార్థన, తర్వాత సైకిల్ మీద ఊళ్లు. బైబిల్ చెప్పే గంటలకంటే కూర్చునే గంటలు ఎక్కువ. ఎవరైనా పోతే ఊరంతా పని మానేసి వెళ్తారు. మీవాడూ వెళ్లాలి. వెళ్లకపోతే తర్వాత వాడు ఎంత బాగా మాట్లాడినా ఎవరూ వినరు.

తిండి అంటే న్సీమా. మొక్కజొన్న పిండి గట్టిగా ఉడికించి ముద్దలు చేస్తారు, పక్కన ఆకుకూరో చిక్కుడు గింజలో. ఉసీపా అని మలావీ సరస్సులో దొరికే చిన్న చేప ఎండబెట్టి అమ్ముతారు, నెత్తళ్లు తినే మనవాళ్లకి ప్రాణం లేచొస్తుంది. జనవరి నుంచి మార్చి దాకా జాగ్రత్త. కొత్త పంట ఇంకా రాదు, ఇళ్లలో పాత మొక్కజొన్న అయిపోతుంది. అయినా అతిథి వచ్చాడంటే ఉన్న ఒక్క కోడినీ కోస్తారు. ఆ నెలల్లో ఉత్త చేతులతో ఎవరింటికీ వెళ్లొద్దని చెప్పండి. పిండి, పంచదార, సబ్బు ఏదో ఒకటి పట్టుకెళ్లాలి.

రాజమండ్రి ఎల్డర్:
నేను ఇంగ్లండ్ ఉత్తరాన చేశాను. మా దగ్గర అంతా టైం టేబులే. ఆరున్నరకి లేవాలి, పదిన్నరకి దీపం ఆర్పాలి. పక్కన ఎప్పుడూ ఇంకో కుర్రాడు ఉండాలి, ఒంటరిగా వీధి చివర కొట్టుకి కూడా వెళ్లకూడదు. నా జోడీ ఒక అమెరికా కుర్రాడు. మూడు పూటలా పాలలో అటుకుల్లాంటివి వేసుకుని తినేవాడు, రాత్రి గురక. అబ్బాయిలకి రెండేళ్లు, అమ్మాయిలకి ఏడాదిన్నర. వారంలో ఒక రోజు బట్టలు, సరుకులు, ఇంటికి ఉత్తరం. ఫోన్ విషయంలో మీ అమ్మగారు అదృష్టవంతులు. మా చర్చిలో 2019 ఫిబ్రవరి దాకా ఏడాదికి రెండుసార్లే ఫోను, క్రిస్మస్‌కీ మదర్స్ డేకీ. మా అన్న అప్పట్లోనే వెళ్లాడు. ఇప్పుడు వారం వారం వీడియో కాల్ చేసుకోవచ్చు.

డిసెంబర్‌లో నాలుగింటికే చీకటి పడుతుంది. వానలో తలుపు కొడితే ఒక ముసలావిడ అంది: మీ దేశానికి మేం కదా పంపింది, మీరొచ్చి మాకు చెబుతారేంటి? టీ మాత్రం ఇస్తానంది. మా చర్చివాళ్లం టీ తాగం, ఆ సంగతి చెప్పడానికి ఇంకో పావుగంట!

నిజమైన విశ్వాసి:
ఎల్డర్ అంటున్నారు, మీది మోర్మన్ చర్చి కదా. అక్క అడిగింది మన సంఘాల గురించి. మీ పద్ధతులు ఇక్కడ చెప్పి కన్ఫ్యూజ్ చేయకండి.

రాజమండ్రి ఎల్డర్:
వానకి గొడుగు పట్టుకోవడం కూడా శాఖను బట్టి మారుతుందా అన్నా?

నిర్వాహకుడు:
సిద్ధాంతాల గొడవకి వేరే చోటు ఉంది. ఇక్కడ ఇస్త్రీ, తిండి, ఫోన్. ఇంకొకటి రాస్తే తీసేస్తాను.

నర్సాపురం మాస్టారు:
ఆ ముసలావిడ అన్నదాంట్లో అబద్ధం లేదు బాబూ. 1836లో మిషనరీ గ్రోవ్స్ గారి వెంట ఇంగ్లండ్‌లో డెవాన్‌లోని బార్న్‌స్టేపుల్ నుంచి విలియం బౌడెన్, జార్జ్ బీర్ దంపతులు బయల్దేరి మన నర్సాపురం వచ్చి దిగారు. గోదావరి డెల్టా మిషన్ అన్నది అలా మొదలైంది. వాళ్లూ కుర్ర దంపతులే. ధవళేశ్వరం ఆనకట్ట పని మొదలైందే 1847లో. అంటే వాళ్లొచ్చేనాటికి కాటన్ కాలవలు లేవు, ఏటా అయితే వరద, లేకపోతే కరువు. సూయజ్ కాలువ 1869 దాకా తెరవలేదు, ఓడ ఆఫ్రికా చుట్టూ తిరిగి రావాలి. ఇంటి నుంచి ఉత్తరం అంటే నెలల మాట. ఇప్పటి పిల్లలు వారానికొక ఫోన్ అని ఏడుస్తున్నారు. ఈ చరిత్ర మీద నేను ముప్పై ఏళ్లుగా చదువుతున్నాను, ఎవరికేం కావాలన్నా అడగండి.

భీమవరం లూథరన్:
మాస్టారూ, మొదలైంది అంటే మీ ఊళ్లోనే మొదలైనట్టు చెబుతారు ఎప్పుడూ. మా లూథరన్ మిషనరీ హయ్యర్ గారు 1842లో గుంటూరు వచ్చారు, రాజమండ్రిలో వాలెట్ గారు 1845లో. బడులూ ఆస్పత్రులూ ఎవరు కట్టారో కూడా చెప్పండి.

నర్సాపురం మాస్టారు:
36 ముందా 42 ముందా? లెక్కలు కూడా నేనే చెప్పాలా? పైగా గుంటూరు గోదావరి డెల్టాలోకి ఎప్పుడొచ్చింది?

భీమవరం లూథరన్:
రాజమండ్రి కూడా రాలేదా సార్?

పాలకొల్లు అక్క:
చాలా సంతోషం అండి, మాదీ పాలకొల్లే, బౌడెన్ గారి సంగతులు మాకూ తెలుసు. తణుకు తమ్ముడూ, ఈగ సంగతి చదివి అమ్మ ఇంకా భయపడింది, కానీ ఇస్త్రీ పెట్టె కొన్నాం. చెప్పులా బూట్లా ఎవరూ చెప్పలేదు. భాష కూడా.

పాపువా బ్రదర్:
మలావీలో మొక్కజొన్న అయినా దొరుకుతుంది. నేను కథోలిక మఠం తరఫున పాపువా న్యూ గినీలో ఉన్నాను, సెపిక్ నది వైపు. అక్కడ రోజూ సగ్గుబియ్యం పిండే. సక్‌సక్ అంటారు. చెట్టు నరికి, బోదె చీల్చి, లోపలి గుజ్జు గీరి, నీళ్లు పోసి పిండితే అడుగున పిండి పేరుకుంటుంది. ఒక్క చెట్టుకి వంద కిలోల పైనే వస్తుంది. వేడినీళ్లు పోసి కలిపితే గోడ మీద పోస్టర్లు అంటించే మైదా జిగురులా సాగుతుంది. మొదట్లో గొంతు దిగేది కాదు. వక్కా సున్నం మాత్రం ఊరూరా నములుతారు, కోనసీమవాడిని కాబట్టి అక్కడ వెంటనే కలిసిపోయాను.

సామర్లకోట మిల్లు:
బ్రదర్ గారూ, సగ్గుబియ్యం చెట్టు నుంచి వస్తుందా? మా నాన్నగారి కాలం నుంచి మాకు సగ్గుబియ్యం మిల్లు ఉంది. పెద్దాపురం, సామర్లకోట చుట్టూ ఎవరిని అడిగినా చెబుతారు, అది కర్రపెండలం దుంప. దుంప తవ్విన ఒకటి రెండు రోజుల్లో మిల్లుకి రాకపోతే నల్లబడిపోతుంది. తొక్క తీసి, రుబ్బి, పాలు తొట్లలో పోసి తేర్చి, ఆ ముద్దని పూసలు చేసి, పెనం మీద వేయించి ఎండబెడతాం. చెట్టు నరకడం ఎక్కడా లేదు.

పాపువా బ్రదర్:
నేను చేత్తో గీరి, పిండి, తిని వచ్చాను సార్. మీరు మిల్లులో కూర్చుని లేదంటున్నారు.

సామర్లకోట మిల్లు:
మిల్లులో కూర్చున్నవాడికే కదా తెలిసేది. ఉపవాసాలకి మీ ఇంట్లో వండే సగ్గుబియ్యం జావ ఎక్కడి నుంచి వస్తుందనుకుంటున్నారు, పాపువా నుంచి ఓడలో వస్తుందా?

తణుకు టు జోంబా:
ఇద్దరూ నిజమే చెబుతున్నారు. అక్కడ తాటి జాతి చెట్టు, మన దగ్గర దుంప. రెండింటి నుంచీ పిండే వస్తుంది. ఇక వదిలేయండి.

సామర్లకోట మిల్లు:
వదిలేయడం కాదు. అసలు సగ్గుబియ్యం అని దేన్ని అమ్ముతున్నామో అది ముఖ్యం. సరే, ఆ కుర్రాడికి పనికొచ్చే మాట ఒకటి చెబుతా, ఇది నాకంటే ఎవరికీ తెలియదు. ఆఫ్రికాలో కర్రపెండలం చాలా తింటారు. అందులో చేదు రకం ఉంటుంది, విషం. సైనైడే. రోజుల తరబడి నీళ్లలో నానబెట్టి, పులియబెట్టి, ఎండబెట్టాకే తినాలి. కరువులో తొందరపడి సరిగా నానబెట్టకుండా తింటే కాళ్లు పడిపోతాయి. 1981లో మొజాంబిక్‌లో అలా వెయ్యి మందికి పైగా నడవలేని స్థితి వచ్చింది. పచ్చి దుంప ఎవరిచ్చినా కొరకొద్దని చెప్పండి.

తణుకు టు జోంబా:
మీరు చెప్పింది కరెక్టే, కానీ జోంబా వైపు మొక్కజొన్నే. కర్రపెండలం మలావీలో ఉత్తరాన సరస్సు ఒడ్డున తింటారు, వాళ్లకి నానబెట్టడం మీ తాతగారి కంటే బాగా తెలుసు. నాకు దుంప కంటే సరస్సుతో భయం. అక్కా, మీ తమ్ముడు కాలవ కనిపిస్తే దూకే రకమా?

పాలకొల్లు అక్క:
పుట్టింది కాలవ గట్టు మీదే, ఇక అడగాలా.

తణుకు టు జోంబా:
అయితే ఇది వాడికి చదివి వినిపించండి. మన కాలవల్లో బురదే, అక్కడి నీళ్లలో నత్తల నుంచి బిల్‌హార్జియా పురుగు వస్తుంది. ఒడ్డున మోకాలి లోతు నీళ్లలో నిలబడినా చర్మంలోంచి లోపలికి పోతుంది, నెలల తర్వాత మూత్రంలో రక్తం కనిపిస్తుంది. మాత్ర ఉంది, తగ్గిపోతుంది, కానీ టెస్టు చేయించుకుంటేనే కదా తెలిసేది. తిరిగొచ్చాక ఇక్కడ డాక్టర్లకి ఈ జబ్బు తట్టదు. నాకు జ్వరం అంటే ఇక్కడొక ఆస్పత్రిలో టైఫాయిడ్ మందులే మింగించారు. మలావీ నుంచి వచ్చాను అని మీరే నోరు తెరిచి చెప్పాలి. దోమతెర సంగతి వేరే చెప్పను.

భాష చిచెవా. మాటలు అచ్చుతో ముగుస్తాయి, మన నాలుకకి ఇంగ్లీషు కంటే సులువు. పిల్లలతో ఆడితే త్వరగా వస్తుంది. ఫోన్‌కి అక్కడ కూడా ఎయిర్‌టెల్ ఉంది, డబ్బులు కూడా ఆ ఫోన్ మీదే వేసుకుంటారు. అక్కడ సాయంత్రం ఆరున్నర అయితే మనకి రాత్రి పది. అమ్మగారిని ఆదివారం మాత్రం మేలుకోమనండి. రోజూ చేస్తే వాడికి అక్కడ మనసు నిలవదు.

రాజోలు అమ్మ:
రోజూ చేయకూడదని ఎవరు చెప్పారు? మా వాడు రోజూ చేస్తాడు, ఒక్క నిమిషం అయినా. నీకు పిల్లలు పుట్టాక మాట్లాడు బాబూ.

తణుకు టు జోంబా:
క్షమించండమ్మా, నేను మా మిషన్ పద్ధతి చెప్పాను.

రాజమండ్రి ఎల్డర్:
చెప్పులు, బూట్లు రెండూ. బూట్లు ఇక్కడే కొని వారం ముందు నుంచి తొడుక్కుని తిరగాలి. కొత్తవాటితో దిగితే మొదటి వారమే పుండ్లు. జోంబా ఎత్తు మీద ఉంది, జూన్, జూలైల్లో చలి. ఆఫ్రికా అంటే ఎండే అనుకుని అందరూ స్వెటర్ వదిలేస్తారు.

భీమవరం లూథరన్:
ఎల్లో ఫీవర్ టీకా ఎవరూ చెప్పలేదేంటి? విమానం అడిస్ అబాబా మీదుగానో నైరోబీ మీదుగానో వెళ్తుంది. అక్కడ ఎక్కువసేపు ఆగితే మలావీలో పసుపు కార్డు, అంటే టీకా సర్టిఫికెట్, అడుగుతారు, తిరిగొచ్చేటప్పుడు మనవాళ్లూ అడుగుతారు. టీకా వేసిన 10 రోజుల తర్వాతే కార్డు చెల్లుతుంది, తర్వాత జీవితాంతం పనికొస్తుంది. ప్రయాణం ముందు రోజు పరుగెత్తితే లాభం లేదు. హైదరాబాద్ నారాయణగూడలో ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్) ఉంది, అక్కడ వేస్తారు.

పాలకొల్లు అక్క:
ఇది బాగా చెప్పారు అండి. టికెట్ వచ్చింది కానీ టీకా మాటే ఎవరూ అనలేదు. రేపే ఫోన్ చేస్తాం.

నర్సాపురం మాస్టారు:
బౌడెన్ గారి కాలంలో టీకాలు కూడా లేవు.

భీమవరం లూథరన్:
మశూచికి ఉంది మాస్టారూ, 1796 నుంచి ఉంది.

మండపేట రైతు:
మిల్లు అన్నా, మధ్యలో అడుగుతున్నా ఏమనుకోకు. మాకు కాలవ కింద ఎకరంన్నర వరి చేను ఉంది, వరి మానేసి కర్రపెండలం వేస్తే ఎలా ఉంటుంది? మీ మిల్లు తీసుకుంటుందా?

సామర్లకోట మిల్లు:
వద్దు. నీళ్లు నిలిచే నల్ల నేలలో దుంప కుళ్లిపోతుంది. అది రంగంపేట, గోకవరం వైపు మెట్ట ఎర్ర నేలల పంట. నీ చేను ఫోటో పెట్టు, కానీ వేరే చర్చలో. ఇక్కడ నిర్వాహకుడు గారు కర్ర పట్టుకుని కూర్చున్నారు.