తాయ్ చీ ప్రదర్శనలో మాస్టర్ చెయ్యి తగలగానే మనుషులు ఎగిరిపడటం నిజమేనా?

గోదారమ్మాయి:
మేం సింగపూర్‌లో ఉంటాం. అమ్మానాన్న వచ్చారని చైనీస్ న్యూ ఇయర్‌కి మా ఇంటి దగ్గర తాయ్ చీ ప్రదర్శన ఉంటే తీసుకెళ్లాను. ముందు అరవై దాటిన ఆంటీలు, అంకుల్స్ అందరూ ఒకే లయలో నెమ్మదిగా చేశారు, అమ్మకి అది తెగ నచ్చేసి వాళ్లతో కలిసి రోజూ పొద్దున్నే వెళ్తానంటోంది. తర్వాత ఒక మాస్టర్ వచ్చారు. ఐదుగురు వరసగా నిలబడి తోస్తున్నా ఆయన కదల్లేదు, పైగా చేత్తో అలా అనేసరికి వాళ్లు ఎగిరి వెనక్కి పడ్డారు. నాన్నేమో "ముందే మాట్లాడుకుని చేస్తున్నారమ్మా, ఇదంతా బూటకం" అని తేల్చేశారు. అసలిది వ్యాయామమా, యుద్ధవిద్యా? రెండో భాగం బూటకమైతే మొదటిదాన్ని మాత్రం ఎలా నమ్మాలి? అమ్మకి మోకాళ్లు అరిగాయన్నారు, అందుకే ఇంత ఆలోచిస్తున్నా.

హెనాన్ డాక్టర్:
నేను చైనాలోని జెంగ్‌జౌలో ఎంబీబీఎస్ చదివానండి. తాయ్ చీకి పుట్టిల్లుగా చెప్పే చెన్‌జియాగౌ అనే ఊరు అదే హెనాన్ రాష్ట్రంలో, వెన్ కౌంటీలో ఉంది. 17వ శతాబ్దంలో చెన్ వాంగ్‌టింగ్ అనే సైనికుడు మొదలుపెట్టాడని ఆ ఊరివాళ్లు చెబుతారు. రెండువందల ఏళ్ల తర్వాత అక్కడే నేర్చుకున్న యాంగ్ లూచాన్ దాన్ని బీజింగ్ తీసుకెళ్లాడు, ఆయన మనవడు యాంగ్ చెంగ్‌ఫు కాలానికి గెంతడాలు, నేలని కాలితో దడేల్మని తన్నడాలు తగ్గిపోయి కదలికలన్నీ ఒకే వేగంతో సాగే పద్ధతి స్థిరపడింది. ఆ యాంగ్ పద్ధతిలోంచే 1956లో చైనా ప్రభుత్వ క్రీడల శాఖ 24 కదలికలతో ఒక చిన్న వరస తయారు చేయించింది, అందరూ నేర్చుకోగలగాలని. మీ ఆంటీలు చేసింది బహుశా అదే, ప్రపంచమంతా పార్కుల్లో ఎక్కువగా కనిపించేది అదే. కాబట్టి వ్యాయామమా, యుద్ధవిద్యా అంటే, పుట్టింది కొట్లాట కోసం, ఇంతమందికి చేరింది ఆరోగ్యం కోసం.

ఆ చెన్‌జియాగౌ ఊరి పద్ధతిని చెన్ శైలి అంటారు, దాని ప్రదర్శన దొరికితే మాత్రం తప్పకుండా చూడండి. చాలాసేపు నెమ్మదిగా సాగుతుంది, ఉన్నట్టుండి నడుములోంచి ఒక్క విసురుతో పిడికిలి బయటికొస్తుంది, ఒళ్లంతా అదురుతుంది. దాన్ని ఫాజిన్ అంటారు. వాళ్ల రెండో వరస పావో చుయ్ అయితే గెంతులు, గుద్దులతో చాలా వేగంగా ఉంటుంది, ఇది కూడా తాయ్ చీయేనా అనిపిస్తుంది. నాకు అన్నిటికంటే ఇష్టమైన ప్రదర్శన అదే, ఎందుకంటే అందులో పడిపోయే శిష్యుడు ఉండడు, చేసేవాడి ఒంట్లో ఏముందో అదే కనపడుతుంది.

జూడో బ్రదర్:
మీ నాన్నగారు అన్నదాంట్లో సగం నిజం ఉంది. ఐదుగురు తోస్తే ఐదుగురి బలం మాస్టర్ మీద పడుతుందని మనం అనుకుంటాం, కానీ ఆయన్ని తాకేది మొదటివాడి చేతులే కదా, వెనకవాళ్లు తోసేది తమ ముందువాడి వీపుని. మొదటివాడు మోచేతులు కాస్త వంచాడా, వెనకనుంచి వచ్చిన బలం చాలావరకు అక్కడే పోతుంది. పైగా మాస్టర్ వాడి మోచేతుల కిందనుంచి కొంచెం పైకి ఎత్తిపెడతాడు, దాంతో తోసేవాడి పాదాలకే నేల మీద పట్టు పోతుంది. ఇది మామూలు భౌతికశాస్త్రం, సాధన చేస్తే ఎవరికైనా వస్తుంది, ఇందులో మోసం లేదు. మోసం ఎక్కడ మొదలవుతుందంటే దాన్ని "అంతర్గత శక్తి" అని చెప్పి జనాన్ని నమ్మించినప్పుడు.

ఎగిరిపడటం సంగతి వేరు. తుయ్ షౌ అని ఇద్దరు ఎదురెదురుగా చేతులు ఆనించి చేసే సాధన ఒకటి ఉంది, అందులో తూకం తప్పినవాడు దెబ్బ తగలకుండా వెనక్కి గెంతడం అలవాటు చేసుకుంటాడు. ఏళ్ల తరబడి ఒకే గురువు దగ్గర చేసేసరికి ఆయన వేలు తగిలినా గెంతేస్తాడు, గురువు కూడా అది తన గొప్పే అనుకుంటాడు. బయటివాడు ఎదురైనప్పుడే తేలుతుంది. 2017లో చైనాలోని చెంగ్‌డూలో షు షియావ్‌డాంగ్ అనే ఎంఎంఏ (రకరకాల యుద్ధవిద్యలు కలిపి తలపడే పోటీ) ఫైటర్ ముందు వేయ్ లేయ్ అనే తాయ్ చీ మాస్టర్ అర నిమిషం కూడా నిలవలేదు. 2020లో మా బావోగువో అనే 69 ఏళ్ల తాయ్ చీ మాస్టర్ కూడా ఇంకో పోటీలో అంతే, ఆ వీడియోలు చూస్తే బాధేస్తుంది, ఆ వయసు మనిషిని అక్కడిదాకా తెచ్చింది చుట్టూ ఎగిరిపడిన శిష్యులే అని నా అభిప్రాయం.

అలాగని తాయ్ చీ వాళ్లెవరూ బయటివాళ్లతో తలపడలేదని కాదు. 1954లో మకావులో, తాయ్ చీలోనే ఇంకో శాఖ అయిన వూ శైలికి పెద్ద గురువు వూ గోంగ్‌యీ, తనకంటే బాగా చిన్నవాడైన, వైట్ క్రేన్ అనే వేరే యుద్ధవిద్య ఫైటర్ చాన్ హక్‌ఫుతో జనం మధ్య రింగులో తలపడ్డాడు. హాంకాంగ్‌లోని షెక్ కిప్ మే అనే పేటలో జరిగిన అగ్నిప్రమాద బాధితులకి విరాళాల కోసం పెట్టిన పోటీ అది. మధ్యలోనే ఆపేసి, గెలుపు ఓటములు లేవన్నారు. ఫిల్మ్ ఇప్పటికీ దొరుకుతుంది, చూడ్డానికి ఏమీ అందంగా ఉండదు, ఇద్దరూ చిందరవందరగా కొట్టుకుంటారు, కానీ ఎగిరిపడే ప్రదర్శనలన్నిటికన్నా నాకు దాని మీదే గౌరవం.

ఫిజియో అక్క:
అమ్మగారి విషయానికి వస్తా. మాస్టర్ శిష్యుల్ని ఎగరేయడానికీ మోకాళ్లకీ సంబంధం లేదమ్మా, దీనికి వేరే ఆధారాలున్నాయి. 2016లో అమెరికాలో అరిగిన మోకాళ్లున్న 204 మందితో చేసిన పరీక్షలో 12 వారాల తాయ్ చీ, మామూలు ఫిజియోథెరపీ నొప్పి తగ్గించడంలో దాదాపు సమానంగా నిలిచాయి. పెద్దవాళ్లు పడిపోకుండా కాపాడే వ్యాయామాల మీద 2019లో వచ్చిన కాక్రేన్ సమీక్ష (చాలా వైద్య పరిశోధనల్ని కలిపి బేరీజు వేసేది) కూడా తాయ్ చీతో పడిపోవడాలు సుమారు ఐదో వంతు తగ్గే అవకాశం ఉందని చెప్పింది. నెమ్మదిగా బరువంతా ఒక కాలి మీదనుంచి ఇంకో కాలి మీదకి మార్చడమే అందులో అసలు పని, మన పెద్దవాళ్లు రోజూ చేసే నడకలో అంత నిదానంగా ఆ సాధన దొరకదు.

జాగ్రత్తలు మాత్రం ఉన్నాయి. ప్రదర్శనలో వాళ్లు కూర్చున్నంత కిందకి అమ్మని కూర్చోనివ్వద్దు. మోకాలు లోపలికి వాలకుండా కాలి వేళ్లు ఎటుంటే అటే ఉండాలి, బరువు ఉన్న కాలిని నేల మీద మెలితిప్పకూడదు. నొప్పి పెరిగితే ఆపమనండి. ముందుగా డాక్టర్‌కి ఒక మాట చెప్పండి.

గోదారమ్మాయి:
చాలా థ్యాంక్స్ అందరికీ. నాన్నకి ఇది మొత్తం చదివి వినిపించాను, ఐదుగురు తోసే లెక్క దగ్గర ఆగి మళ్లీ చదవమన్నారు. ఇంకో ప్రదర్శనకి వెళ్తే ఏం గమనించాలి?

జూడో బ్రదర్:
పడేది ఎవరో చూడండి. సొంత శిష్యులే అయితే దాన్నిబట్టి ఏమీ తేల్చలేం. జనంలోంచి ఎవరినైనా పిలిచి, గట్టిగా తోయమని, నచ్చినట్టు ఎదిరించమని అంటే ఆ మాస్టర్‌ని శ్రద్ధగా చూడండి, ఆయన ఒకటి రెండుసార్లు తడబడినా సరే.

హెనాన్ డాక్టర్:
అవకాశం ఇస్తే నాన్నగారినే తుయ్ షౌ చేసి చూడమనండి. మంచి గురువైతే నెమ్మదిగా, దెబ్బ తగలకుండా చేయిస్తారు. అమ్మగారిని మాత్రం ఆంటీల గుంపులో వెనక వరసలో కాకుండా మధ్యలో నిలబడమనండి, ఎటు తిరిగినా చూసి చెయ్యడానికి ఎదురుగా ఒక మనిషి ఉంటారు.