బరంపురంలో భోజనం కూపన్ సగమే చెల్లింది: అడగడానికి దారి ఉందా?

పర్లాకిమిడి వాసి:
మా అమ్మాయి పెళ్ళికి పట్టుచీరలు కొనడానికి పోయిన ఆదివారం బరంపురం వెళ్ళాము. చీరల దుకాణంవారు బిల్లుతోపాటు ఒక భోజనశాల కూపన్ చేతిలో పెట్టారు. దాని మీద తెలుగులోనూ ఒడియాలోనూ పెద్ద అక్షరాలతో 'మొత్తం బిల్లుపై 20 శాతం తగ్గింపు' అని ఉండడంతో ఐదుగురమూ అక్కడే భోంచేశాము. ఐదు థాలీలకు 1,100, రెండు చేపల వేపుళ్ళకు 480, వెరసి 1,580 రూపాయలు. దాల్మా (కూరగాయలు వేసి వండే ఒడియా పప్పు) చల్లారి తెట్టు కట్టింది. చేప ముక్క పైన కాలుతున్నా ముల్లు దగ్గర చల్లగానే ఉంది. పెళ్ళిపనుల తొందరలో దానికీ సర్దుకున్నాము.

బిల్లు దగ్గర మాత్రం సర్దుకోలేకపోయాము. కౌంటరులోని ఆయన కూపన్ వెనక్కి తిప్పి, ఆవగింజల్లాంటి ఇంగ్లీషు అక్షరాల మీద వేలు పెట్టి, థాలీలకు ఇది వర్తించదన్నారు. చేపల మీద 96 రూపాయలు తగ్గించి, 5 శాతం సర్వీస్ ఛార్జి, ఆపైన 5 శాతం జీఎస్టీ వేసి 1,636 తీసుకున్నారు. కూపన్‌ను మేకుకు గుచ్చేశారు. అడిగినా తిరిగి ఇవ్వలేదు. ఇది న్యాయమేనా?

జయపురం హోటలువాడు:
మా వృత్తివారి ఇబ్బంది కూడా చెప్పాలి కదండీ. అన్నం, పప్పు అడిగినంత వడ్డించే థాలీలో మిగిలేది తక్కువ కనుక చాలామంది దానిని తగ్గింపునుంచి తప్పిస్తారు. అయితే ఆ మాట ఆర్డరు తీసుకునేటప్పుడే చెప్పాలి. తిన్నాక కూపన్ తిప్పి చూపించడం మా వృత్తికే తలవంపు.

రాయగడ కక్షిదారు:
రెండు విషయాలను విడదీసి చూడండి. సర్వీస్ ఛార్జిని బిల్లులో తమంతట తాము కలపకూడదని కేంద్ర వినియోగదారుల పరిరక్షణ సంస్థ 2022 జూలై 4న మార్గదర్శకాలిచ్చింది. ఢిల్లీ హైకోర్టు 2025 మార్చి 28న వాటిని సమర్థించింది. ఇక్కడ మీకు తిరుగులేదు.

కూపన్ సంగతికి, తప్పుదోవ పట్టించే ప్రకటనలపై అదే సంస్థ 2022 జూన్‌లో ఇచ్చిన మార్గదర్శకాలు పనికొస్తాయి: వాగ్దానం ఏ భాషలో ఉంటే షరతు కూడా ఆ భాషలోనే, ఆ అక్షరాలతోనే ఉండాలి. తెలుగులో ఆశ చూపి ఇంగ్లీషులో కోత పెట్టడం దానికి విరుద్ధమని నా అభిప్రాయం. మొత్తం బిల్లుపై 20 శాతం పోతే 1,264, సర్వీస్ ఛార్జి లేకుండా జీఎస్టీతో 1,327. అంటే మీకు రావలసింది 309 రూపాయలు.

ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి, తెలుగులోనూ మాట్లాడవచ్చు. అక్కడ తేలకపోతే, 2019 వినియోగదారుల పరిరక్షణ చట్టం ప్రకారం ఫిర్యాదీ నివసించే చోటే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్ళవచ్చు కనుక బరంపురం దాకా తిరగనక్కరలేదు. గడువు రెండేళ్ళు, ఇంత చిన్న మొత్తానికి రుసుము లేదు. బిల్లు ఉందా? కూపన్‌కు ఆధారం ఏమైనా మిగిలిందా?

పర్లాకిమిడి వాసి:
బిల్లు ఉందండీ. కూపన్ ముందువైపు ఫొటోను మా ఇంటావిడ ఆ రోజే చెల్లెలికి పంపిందట, ఇప్పుడే చూశాను. వెనకవైపు లేదు.

రాయగడ కక్షిదారు:
వెనకవైపు చూపించుకోవలసిన అవసరం వారిదే. ఆ ఫొటో, బిల్లు జతచేసి, 309 రూపాయలు తిరిగి ఇవ్వమని భోజనశాలకు స్పీడ్ పోస్టులో ఒక ఉత్తరం వేయండి; రసీదు దాచుకోండి.