ఆటగాళ్ల పట్టుదల వ్యాపారంలో పనికొస్తుందా?

స్పైక్‌షూస్
కొత్తగా కంపెనీ పెట్టినవాళ్లు మొదటి దెబ్బకే డీలా పడిపోవడం చూసి చూసి ఈ చర్చ మొదలుపెడుతున్నాను. వాళ్లు పట్టుదల నేర్చుకోవాల్సింది ప్రొఫెషనల్ ఆటగాళ్ల దగ్గర. టెన్నిస్ ఆటగాడు రోజర్ ఫెదరర్ 2024లో అమెరికాలోని డార్ట్‌మత్ కాలేజీలో మాట్లాడుతూ ఒక లెక్క చెప్పాడు. ఆడిన 1,526 సింగిల్స్ మ్యాచుల్లో దాదాపు 80 శాతం గెలిచాడు. పాయింట్లు మాత్రం 54 శాతమే. అంతటివాడు కూడా దాదాపు సగం పాయింట్లు పోగొట్టుకున్నాడన్నమాట. పోయిన పాయింటును అక్కడే వదిలేసి తర్వాతి పాయింటు ఆడేవాడు. మన ఫౌండర్లు ఒక్క కస్టమర్ కాదంటే వారమంతా దాని గురించే కుమిలిపోతారు. బాస్కెట్‌బాల్ ఆటగాడు మైకేల్ జోర్డాన్‌ను హైస్కూల్ జట్టులోంచి తీసేశారు. ఆయన ఆట మానేశాడా?

నెలాఖరు
జోర్డాన్‌ను తీసేయలేదండీ. హైస్కూల్లో రెండో ఏడాది సీనియర్ జట్టులోకి తీసుకోలేదు, జూనియర్ జట్టులో ఆడించారు. అతనికంటే పొడుగ్గా ఉన్న లీరాయ్ స్మిత్‌కు ఆ చోటు ఇచ్చారు. ఏడాదంతా అతని చేతిలో బంతి ఉంది, కోచ్ ఉన్నాడు, ఆడటానికి మ్యాచులున్నాయి. దాన్ని 'గెంటేస్తే తిరిగొచ్చిన వీరుడి కథ' చేసి అందరికీ అమ్ముతున్నారు.

ఇంత పట్టుగా ఎందుకు చెబుతున్నానంటే, నేను పనిచేసిన ఒక చిన్న కంపెనీలో గోడ నిండా ఆటగాళ్ల ఫొటోలే. జీతాలు ఆగిపోయిన నెలల్లో కూడా మా బాస్ సోమవారం మీటింగులో జోర్డాన్ కథే చెప్పేవాడు. మేం ఛాంపియన్లలా ఆలోచించాలట.

గట్టుమీద
ఇద్దరూ జోర్డాన్‌ను వదిలి అసలు విషయానికి రండి.

స్పైక్‌షూస్
నెలాఖరు గారూ, తీసేశారో, తీసుకోలేదో, ఆ వయసు కుర్రాడికి అవమానం అవమానమే కదా. మీరు చిన్న పాయింటు పట్టుకుని లాగుతున్నారు. పోనీ జోర్డాన్ వద్దు, వ్యాపారవేత్తనే తీసుకుందాం. జేమ్స్ డైసన్ సంచి లేని వాక్యూమ్ క్లీనర్ కోసం 5,127 నమూనాలు చేశాడు. అందులో 5,126 ఫెయిల్. ఐదు వేల దగ్గర ఆపేసి ఉంటే ఆయన పేరు ఎవరికైనా తెలిసేదా?

నెలాఖరు
మీరు చిన్నది అంటున్న ఆ పాయింటే నాకు పెద్దది. జూనియర్ జట్టు అంటే నేర్చుకుంటూ ఓడిపోవడానికి ఒక చోటు. వ్యాపారంలో అలాంటి చోటు ఎవరిస్తారు?

ఇక డైసన్ సంగతి. ఆ ఏళ్లలో ఆయన అప్పుల్లో ఉన్నాడు. ఇల్లు నడిచింది భార్య డీర్డ్రీ ఆర్ట్ టీచరుగా తెచ్చిన జీతంతో. ఆ 5,127లో ఆమె వాటా ఎంతో ఏ ప్రసంగంలోనూ చెప్పరు. ఆయనలాగే అప్పు చేసి, సరుకు అమ్ముడుపోక మునిగిపోయినవాళ్ల గురించి రాసేవాళ్లే లేరు.

రెండోల్యాప్
నేను కాలేజీ రోజుల్లో 1500 మీటర్లు పరిగెత్తేదాన్ని, ఇప్పుడు చిన్న డిజైన్ సంస్థ నడుపుతున్నాను. మీరిద్దరూ ఆటగాళ్లంటే ఆపకుండా పరిగెత్తేవాళ్లనే అనుకుంటున్నారు. అసలు వాళ్లు నేర్పేది ఎప్పుడు ఆగాలో, ఎక్కడ మారాలో అని నాకనిపిస్తుంది.

కెన్యా రన్నర్ ఎలియుడ్ కిప్చోగేనే చూడండి. 2003లో 5,000 మీటర్ల ప్రపంచ ఛాంపియన్. ఏథెన్స్ ఒలింపిక్స్‌లో కాంస్యం, బీజింగ్‌లో రజతం. 2012కి వచ్చేసరికి లండన్ వెళ్లే కెన్యా జట్టులోనే చోటు దొరకలేదు. 'ఇంకో నాలుగేళ్లు ఇదే ట్రాక్ మీద చూస్తా' అని కూర్చోలేదు, 2013లో మారథాన్‌కు మారాడు. తర్వాత రియోలో, టోక్యోలో స్వర్ణాలు. 2024 పారిస్‌లో సుమారు 30 కిలోమీటర్ల దగ్గర పోటీ నుంచి తప్పుకున్నాడు. అంతటి మనిషి ఆ రోజు ఆగిపోతే పట్టుదల లేదంటామా?

బ్రిటన్ రన్నర్ పౌలా రాడ్‌క్లిఫ్ కూడా అంతే. 2004 ఏథెన్స్ మారథాన్ మధ్యలో వదిలేసి రోడ్డు పక్కన కూర్చుని ఏడ్చింది. పత్రికలు ఎన్ని మాటలన్నాయో! అదే ఏడాది నవంబరులో న్యూయార్క్ మారథాన్ గెలిచింది, మరుసటి ఏడాది ప్రపంచ ఛాంపియన్ అయింది.

ఇంకో సంగతి, దీని గురించి ఎవరూ మాట్లాడరు. మంచి రన్నర్ వారంలో ఎక్కువ రోజులు నెమ్మదిగానే పరిగెడతాడు. పెద్ద రేసుకు ముందు ప్రాక్టీసు తగ్గిస్తాడు. విశ్రాంతి కూడా షెడ్యూల్‌లో రాసే ఉంటుంది. వ్యాపారంలో మేం మాత్రం రోజూ ఫైనలే ఆడతాం. ఒంట్లో బాగాలేదని ఒక రోజు పడుకుంటే చాలు, తప్పు చేసినట్టు టెన్షన్. కిప్చోగేకు పాట్రిక్ సాంగ్ అనే కోచ్ ఉన్నాడు, 'ఇవాళ చాలు' అని చెప్పే హక్కున్న మనిషి. ఫౌండర్‌కు ఆ మాట ఎవరు చెబుతారు?

కొత్తబోణీ
రెండోల్యాప్ గారి విశ్రాంతి మాట నిజం. మొన్నటిదాకా సెలవే తీసుకోలేదు, చివరికి ఆసుపత్రిలో పడ్డాను.

స్పైక్‌షూస్
'ఎప్పుడు ఆగాలో తెలుసుకోవాలి', 'ఇవాళ చాలు'. ఈ మాటలు వింటే ఒళ్లు మండుతుంది, క్షమించాలి. నాకు అందరూ అదే చెప్పారు. అన్నయ్య చెప్పాడు, అకౌంటెంట్ చెప్పాడు, పెట్టుబడి పెట్టినాయన చెప్పాడు. చిన్న షాపులవాళ్లు సరుకు లెక్కలు చూసుకునే యాప్ మాది. వాళ్ల మాట విని మూసేశాను. తర్వాత అలాంటి యాప్‌తోనే ఇంకో కంపెనీ నిలబడింది. ఇప్పటికీ దాని ప్రకటన కనిపిస్తే ఫోన్ పక్కన పెట్టేస్తాను. కిప్చోగే మారథాన్‌కు మారి గెలిచాడు కాబట్టి అది తెలివి అంటున్నారు. ఓడిపోయి ఉంటే? ఆపేసినవాళ్లకు ఏం దక్కిందో కూడా ఎవరూ రాయరు కదా!

నెలాఖరు
మీ బాధ నాకర్థమైంది, కానీ ఒక్క ప్రశ్న. మూసేసినప్పుడు మీ దగ్గర పనిచేసేవాళ్లకు జీతాలు ఇచ్చారా?

స్పైక్‌షూస్
చివరి పైసాతో సహా ఇచ్చాను. అవి ఇవ్వడానికే మూశాను. ఇంకా లాగితే ఇవ్వలేను కాబట్టి. నన్ను మీ బాస్‌తో కలపకండి!

నెలాఖరు
మా బాస్ ఇవ్వలేదు. నా చెల్లెలి కాలేజీ ఫీజు అప్పు చేసి కట్టాను. డబ్బు ఎప్పుడో అయిపోయిందని కంపెనీ మూసిన రోజున తెలిసింది. ముందే చెప్పి ఉంటే వేరే ఉద్యోగం వెతుక్కునేవాడిని. రాడ్‌క్లిఫ్ పరిగెడితే అరిగేవి ఆమె కాళ్లు. మా బాస్ పరిగెత్తింది మా కాళ్లతో. ఆయన పట్టుదల మీద నాకు కోపం లేదు. మమ్మల్ని అడగకుండా ఖర్చుపెట్టాడు, అదీ నా కోపం.

రెండోల్యాప్
ఇది మొదటి పోస్టులోనే రాయాల్సింది మీరు. జోర్డాన్ దగ్గర అంతసేపు ఆగిపోయాం.

ఈ విషయంలో స్లాక్ అనే ఆఫీసు చాటింగ్ యాప్ కథ పనికొస్తుంది. స్టూవర్ట్ బటర్‌ఫీల్డ్ బృందం 'గ్లిచ్' అనే ఆన్‌లైన్ గేమ్ చేసి, అది నిలబడక 2012లో మూసేసింది. బ్యాంకులో ఇంకా డబ్బుండగానే మూశారు. చాలామందిని పంపించేయాల్సి వచ్చింది, వాళ్లకు వేరే ఉద్యోగాలు వెతికిపెట్టడానికి ఒక వెబ్ పేజీ కూడా తెరిచారు. మిగిలిన కొద్దిమంది, తమ అవసరానికి చేసుకున్న చాటింగ్ పద్ధతినే స్లాక్‌గా మార్చారు. 2021లో దాన్ని సేల్స్‌ఫోర్స్ అనే పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీ కొనేసింది. అక్కడ పట్టుదల లేదంటారా?

స్పైక్‌షూస్
ఉంది, ఒప్పుకుంటాను. కానీ నెలాఖరు గారు అడుగుతున్నది వేరు. ఎన్ని నెలలకు డబ్బుందో ప్రతి ఉద్యోగికీ చెప్పాలంటారు. నేను చెప్పను. చెబితే మంచివాళ్లు ముందు వెళ్లిపోతారు, దాంతో గెలవాల్సిన మ్యాచ్ కూడా ఓడిపోతాం. ఏ కెప్టెనూ తన గాయం గురించి మైదానంలో అందరికీ చెప్పుకోడు.

నెలాఖరు
ఎదుటి జట్టుకు చెప్పడు. సొంత జట్టుకు చెప్పకపోతే ఎలా? మేం మీకు ఎదుటి జట్టా?

గట్టుమీద
నా ఓటు నెలాఖరుకే.

కొత్తబోణీ
నా దగ్గర నలుగురు పనిచేస్తున్నారు. నాలుగు నెలలకు సరిపడా డబ్బుంది. ఇది చదివాక శుక్రవారం వాళ్లకు చెబుదామనుకుంటున్నాను, భయంగానే ఉంది. ఇలా చెప్పినవాళ్లు ఇక్కడెవరైనా ఉంటే, ఏ మాటతో మొదలుపెట్టారో రాయండి.

స్పైక్‌షూస్
చెప్పొద్దనే నా సలహా. చెప్పి తీరతానంటే, ముందు రావాల్సిన బాకీలన్నీ వసూలు చేసుకోండి. అప్పుడు ఆ నాలుగు ఐదో ఆరో కావచ్చు.

నెలాఖరు
బాకీలు ఎప్పుడైనా వసూలు చేసుకోవచ్చు, శుక్రవారమే చెప్పండి. లెక్కల కాగితం చేతికిచ్చి మొదలుపెట్టండి. మాకు ఎవరైనా అది చూపించి ఉంటే, మాలో ఇద్దరు ముగ్గురం సగం జీతానికైనా ఉండేవాళ్లం.