రొయ్యల గుంటల కాపలాకి పోతే ఓటు తీసేస్తారా?

అల్లూరు_పిల్ల: మాది నెల్లూరు జిల్లాలో సముద్రం వైపు యానాది కాలనీ. అమ్మా నాయనా నెలల తరబడి గుంటల కాడే, కట్ట మీద గుడిసెలో ఉంటారు. మొన్న ఓటర్ల జాబితా చూస్తే ఇద్దరి పేర్లూ లేవు. అడిగితే ‘వలస పోయారని తీసేశాం’ అన్నారు. నోటీసు రాలేదు. ఓటేసే ఆ ఒక్క రోజే నాయన గుంట యజమానితో కలిసి ఒకే లైన్లో నిలబడేది. అది పోనిచ్చేది లేదు. ఎట్టా చెయ్యాలి?

ఉదయగిరి_మాస్టారు: తల్లీ, నేను బీఎల్వోగా, అంటే పోలింగ్ బూత్ ఓటర్ల జాబితా చూసుకునే ఉద్యోగిగా పనిచేశాను. పనికోసం కొన్నాళ్లు బయటికి పోయినంత మాత్రాన సొంతూరు నివాసం పోదని 1950 ప్రజాప్రాతినిధ్య చట్టం 20వ సెక్షన్లోనే ఉంది. ఊళ్లో ఉండటం లేదని పేరు తియ్యాలంటే ముందు వాళ్ల మాట వినాలి, అది 22వ సెక్షన్. ఈ రెండూ రాసి ఈఆర్వోకి, అంటే నియోజకవర్గం ఓటర్ల జాబితా అధికారికి అర్జీ ఇవ్వు, రసీదు అడిగి తీసుకో. ఎవరైనా పేరు తీసెయ్యమని ఫారం 7 పెట్టారేమో, ఏ కారణం చూపారో కూడా అడుగు. అబద్ధం రాసిస్తే ఏడాది దాకా జైలు. అర్జీతోపాటే ఇద్దరికీ పేరు చేర్చమనే ఫారం 6 నింపు. నామినేషన్ల గడువు దాటితే ఎన్నిక అయ్యేదాకా జాబితాని ముట్టుకోరు. తిరస్కరిస్తే కలెక్టరుకి అప్పీలు. ఇల్లే లేనివాళ్లుంటే చిరునామా కాగితం అక్కర్లేదు, బీఎల్వో రాత్రిపూట వచ్చి ఆడే పడుకుంటున్నారని చూసుకుంటే చాలు. ఈ సంగతి మీ కాలనీలో అందరికీ చెప్పమ్మా.

ఒంగోలు_శీను: అమెరికాలో 1965 మార్చి 7న సెల్మాలో నల్లజాతి వాళ్లు ఓటు కోసం నడిస్తే వంతెన మీద లాఠీలతో కొట్టారు. ఆ ఆగస్టులో ఓటు హక్కు చట్టం వచ్చింది. వివక్ష చరిత్ర ఉన్న రాష్ట్రాలు ఓటు నిబంధనలు మార్చాలంటే ముందు కేంద్రం ఒప్పుకోవాలన్నారు. 2013లో వాళ్ల సుప్రీంకోర్టు ఆ ఏర్పాటుని పనికిరాకుండా చేసింది. దెబ్బలు తిని తెచ్చుకున్నదానికే ఆ గతి పట్టింది. పాపా, ప్రతి ముసాయిదా జాబితా మీ వీధిలో గట్టిగా చదివించు.

అల్లూరు_పిల్ల: ఆదివారం జాబితా వీధిలో చదువుతాను శీనన్నా. ఫారాలు తెచ్చుకున్నాను మాస్టారూ. ఓటు రోజు కాపలా వదిలి వస్తే కూలి కోస్తారేమోనని అమ్మ భయం.

ఉదయగిరి_మాస్టారు: కొయ్యకూడదు. 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 135బి సెక్షన్ ప్రకారం రోజుకూలీకైనా జీతంతో సెలవే. కాపలా లేకపోతే నష్టమని యజమాని అంటే పొద్దున అమ్మ, మధ్యాహ్నం నాయన పోతారని ముందే చెప్పి ఉంచు.